బిరడా తీసిన జపాను సీసా

పోయిన సోమవారం పులివెందులలో మా మేనమామ పోయాడు. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్లీ లేవలేదు. ప్రొద్దుటూరులో నాకు కబురు అందగానే ఏడ్చాను, ఆ వెంటనే మనసు తేలికపడింది. మంచాన పడి ఒకరిచేత చేయించుకోవడం ఆయన వల్ల అయ్యేది కాదు.

మామ వేముల దగ్గర ముగ్గురాయి, అదే బెరైటీసు, గనిలో గుమాస్తా. పంచె నలగనిచ్చేవాడు కాదు, కాఫీ చల్లారితే గాని తాగేవాడు కాదు. "అబద్ధమాడితే నాకు ఎక్కిళ్లొస్తాయి అమ్మీ" అనేవాడు. ఆ గుణంతో మా అత్త పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు.

మద్యనిషేధం రోజులవి. ఇంట్లో చుక్క దొరికినా జైలే, ఉద్యోగం ఊడినట్టే. నేనప్పుడు పులివెందుల బళ్లో పంతులమ్మగా చేరి వాళ్లింట్లోనే ఉండేదాన్ని. ముగ్గురాయి కొనడానికి వచ్చిన ఒక జపాను ఆయన పోతూ పోతూ మామకు ఒక సీసా ఇచ్చాడు. కోషు అని వాళ్ల దేశపు ద్రాక్షట. పండు తోలు గులాబీ రంగు, దాంతో చేసిన సారాయి మాత్రం తెల్లన.

మామ అలాంటివి ముట్టడు. "రెండు చేతులా ఇచ్చినాడు, ఎట్ల వద్దనేది? మళ్లొచ్చినప్పుడు ఇచ్చేస్తా" అని అటక మీద పెట్టాడు. అత్తకు తెలిసిన మత్తు సరుకు కల్లు ఒక్కటే. బిరడా బిగించిన కల్లుబుడ్డి ఎండలకు పగులుతుంది కదా అని, ఆయనకు చెప్పకుండా బిరడా తీసేసి, ఊరగాయ జాడీకి కట్టినట్టు మూతికి గుడ్డ కట్టింది.

ఎండాకాలం గడిచాక ఎవరు చేరవేశారో, ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఇంట్లో సారాయి ఉందంట గదప్పా?"

లేదనమని అత్త కళ్లతోనే బతిమాలింది. "ఉంది సార్, అటక మీద" అన్నాడు మామ.

ఇన్‌స్పెక్టరు గుడ్డ విప్పి వాసన చూశాడు. అరచేతిలో కాస్త పోసుకుని నాకి మొహం చిట్లించాడు. "ఏందప్పా ఇది, చింతకాయ కంటే పులుపుంది. దీనికి ఏమని కేసు రాయల్ల?"

"కాద్సార్, సారాయే. ఇచ్చినాయన చెప్పినాడు." మామ పట్టు విడవలేదు. ఆయన నోరు నా చేత్తో మూసేయాలనిపించింది.

"నువ్వు ఊరికే ఉండు సామీ" అని ఇన్‌స్పెక్టరు సీసా అక్కడే పెట్టి వెళ్లిపోయాడు.

"పగుల్తాదేమోనని బిరడా నేనే తీసినా. గాలి తగిలి పులిసి మత్తంతా పోయినట్టుంది" అంది అత్త. మామ ఆమె చెయ్యి పట్టుకుని గడప మీద కూలబడ్డాడు.

ఆ పూట అత్త ఉల్లిపాయ ముక్కల మీద ఆ పులుపు చల్లింది. జైల్లో ఉండవలసిన మా మామ పీట మీద కూర్చుని, సంగటిలోకి అవి నంజుకుంటూ, ఇంకో ముద్ద పెట్టమన్నాడు.