వదిన ఇంట్లో విడిచిన ఉపవాసాలు

పోయిన శనివారం మా చర్చి మందిరం వెనక సామాన్ల గది దులుపుతుంటే, విరిగిన కుర్చీల కింద బోర్లించిన పెద్ద అల్యూమినియం గుండిగ ఒకటి బయటపడింది. దాని మీద ఎర్రదుమ్ము మందంగా పేరుకుని ఉంది. బైలడిల్లా ఇనుప గనుల కొండ కింద బతికేవాళ్లకు దుమ్మంటే ఇనుప దుమ్మే, ఎంత తుడిచినా చేతికి కాస్త రంగు మిగులుతుంది. నాతోపాటు ఊడుస్తున్న, సంఘంలో ఒకరింటికి వచ్చిన కొత్తకోడలు “ఇందులో ఎవరు వండేవారు ఆంటీ?” అని అడిగింది. మా వదిన అన్నాను. ఆ పిల్లకు తెలిసిన మా వదిన ముందు వరసలో కూర్చునే సన్నటి పెద్దావిడ. సగం చపాతీతో భోజనం ముగించే మనిషి. అందుకే నవ్వేసి మళ్లీ చీపురు పట్టుకుంది. నేను మాత్రం పని మానేసి అక్కడే కూర్చుండిపోయాను. ఈమధ్య నాకు కూర్చోవడానికి ఏదో ఒక సాకు కావాలి.

మా అన్నయ్య గనిలో డంపర్ నడిపేవాడు. మా ఆయనది గని వర్క్‌షాపులో పని. రెండు క్వార్టర్లకీ మధ్య ఒక మునగచెట్టే అడ్డం. వదినది విజయనగరం వైపు. పెళ్లయి ఈ కొండ కిందికి వచ్చిన కొత్తలో ఆమెకు ఇక్కడి హిందీ రాదు, ఇక్కడి పల్లెల హల్బీ భాష అసలే రాదు. వచ్చిందల్లా వంట. దానితోనే సంఘంలో అందరికీ దగ్గరైంది. పండగ ఆరాధన తర్వాత ప్రేమవిందుకు ఆమె వండాల్సిందే. బాప్తిస్మాలకు ఆమె, గృహ కూటాలకు ఆమె. వడ్డించేటప్పుడు ఎవరు ఎంత తింటారో చూసి కాదు, ఎంత తినగలరో చూసి వేసేది. చివర్లో మిగిలింది పారేయడం పాపమని తను తినేది. శుక్రవారాలు ఉపవాసం ఉండేది, సాయంత్రం విడిచేటప్పుడు ఉదయం పూట బాకీ కూడా కలిపి తీర్చేది. ఇలా భక్తితోనే ఆమె ఒళ్లు పెరిగిందని మా అన్నయ్య వేళాకోళం చేసేవాడు.

వేళాకోళం చేసే రోజులు పోయాయి. షుగరు వచ్చింది, మోకాళ్లు పోయాయి. నిద్రలో గురక మధ్యలో ఊపిరి ఆగిపోయేది. నైట్ డ్యూటీకి వెళ్లిన అన్నయ్య డంపర్ మీద కూర్చుని, ఇంట్లో ఆమె ఊపిరి ఆడుతోందో లేదో అని భయపడేవాడు. ఆమెను ఎక్కువగా బాధించింది అది కాదు. మోకరించలేకపోవడం. అందరూ చాప మీద మోకాళ్లూని ప్రార్థిస్తుంటే తనొక్కతే ఇనుప కుర్చీలో, దర్బారులో రాణిలా. “దేవుడి ముందు కుర్చీ ఏసుకుని కూచుంతన్నానే పిల్లా,” అనేది నాతో. చివరికి విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపించారు. పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేస్తానన్నాడాయన, కాని ఒక షరతు పెట్టాడు. లివరు కొవ్వు పట్టి పొట్ట మీదికి వాలి ఉంది, అది చిక్కి చిన్నదైతేనే చెయ్యి పెట్టడానికి సందు దొరుకుతుంది, చిక్కకపోతే వెనక్కి పంపేస్తాను అన్నాడు. ఆపరేషన్ లోపు తిండి తినే పద్ధతే మార్చుకోవాలి.

ఆస్పత్రిలో ఆ పద్ధతి చెప్పిన అమ్మాయికి ఇరవై ఐదేళ్లు కూడా ఉండవు. కంచం తీసేసి, పెరుగు వేసుకునే చిన్న గిన్నెలో తినండి. ముద్ద మెత్తటి గుజ్జయ్యేదాకా నమలండి. ఒక ముద్దకీ ఇంకో ముద్దకీ మధ్య చెంచా కింద పెట్టండి. తింటూ నీళ్లు తాగొద్దు. అన్నం మానండి, పప్పు, గుడ్డు, కూర ముందు తినండి. ఆఖరి రెండు వారాలు మాత్రం గట్టి పదార్థం ఏదీ వద్దు, మజ్జిగ, పల్చటి సూపు, డబ్బాలో వచ్చే ప్రోటీన్ పొడి నీళ్లలో కలుపుకుని తాగండి, అంతే. వదిన అన్నిటికీ తలూపి వచ్చింది. తిరుగు ప్రయాణంలో కిరండూల్ రైలు సొరంగాలన్నీ దాటింది. తర్వాత “చెంచా కింద పెట్టమంది గానీ, కింద పెట్టాక చేతులేటి చెయ్యాలో చెప్పలేదు,” అంది.

నెలలపాటు ఆ ఇంట్లో భోజనం ఒక ఆరాధనలా సాగింది. గిన్నె ముందు కళ్లు మూసుకుని ఆమె చేసే ప్రార్థన భోజనం కంటే పొడుగ్గా ఉండేది. అన్నయ్య ఎదురుగా అన్నం తినలేక క్యాంటీన్‌లో తినేసి వచ్చి, ఇంట్లో ఆమెతోపాటు గుడ్డు నమిలేవాడు. ఆమె బరువు తగ్గుతుంటే అన్నయ్య బెల్టు బిగుతైంది. బజారు రోజున వదిన టమాటాలూ బీరకాయలూ తెచ్చుకునేది, ఆకు దొప్పల్లో, ఎర్రచీమలు నూరి చేసిన చాప్డా చట్నీ అమ్మే చోట మాత్రం తల పక్కకు తిప్పుకునేది. ఆ పులుపుకు అన్నం గుర్తొస్తుందట. బైబిల్లో, అరణ్యంలో ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిసినప్పుడు ఎవరికి కావలసినంత వారే ఏరుకున్నారని మేం చిన్నప్పటి నుంచీ విన్నాం. కావలసినంత అంటే ఎంతో మా వదిన ఆ పెరుగు గిన్నెలో చూసుకుంది. చాలా అలసటగా చూసుకుంది. ఒకసారి నాతో అంది, “ఉపాసానికైతే సాయంత్రం ఉంటాది. దీనికి సాయంత్రం లేదే.”

ఆఖరి రెండు వారాలూ మొదలయ్యే ముందు ఆదివారం, సంఘమంతా ఆమె కోసం గొలుసు ఉపవాసం ఉండాలని తీర్మానించింది. మాలో ఎవరికైనా ఆపరేషన్ ఉందంటే రోజుకు కొన్ని కుటుంబాలు వంతులవారీగా ఉపవాసం ఉండటం, పొద్దుగూకే వేళకు ఆ రోగి ఇంట్లోనే చేరి ప్రార్థన చేసి, అక్కడే ఉపవాసం విడవడం అలవాటు. ఎప్పటి నుంచి వచ్చిందో తెలియదు. రోగి మంచం మీద ఉంటే ఇంటివాళ్లు వండుతారు. మా వదిన మంచం మీద లేదు. పొయ్యి దగ్గరే ఉంది. పొద్దుటి నుంచి ఏమీ తినని పదిహేను ఇరవై మంది తన ఇంటికొస్తే ఆమె గరిట పట్టకుండా ఉంటుందా? తిండి మానాల్సిన మనిషి ఇంట్లో ఊరంతా తినడమేమిటని మాలో ఒక్కరికీ తోచలేదు. ప్రార్థన కదా, ప్రార్థనను ఎవరు తప్పుపడతారు?

మొదటి రోజు ఉప్మా. రెండో రోజు కిచిడీ, కోడికూర. నేనూ వెళ్లి ఉల్లిపాయలు తరిగాను. ఆమె రుచి చూడకూడదు గనక ఉప్పు అంచనాకు వేసింది. మా సంఘ చరిత్రలో మొదటిసారి మా వదిన కూర ఉప్పుకషాయమైంది. అందరూ తలవంచుకుని తిన్నారు. భేజ్జి వైపు నుంచి కొడుకు వెంట ఇక్కడికొచ్చిన దోర్ల తెగ ముసలమ్మను మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం. ఆమెకు మాత్రం ఏదీ దాచుకోవడం రాదు. “ఏంది బిడ్డా, ఉప్పు బస్తా ఒలికిందా?” అంది. అందరూ నవ్వారు. వదిన కూడా నవ్వింది. నవ్వుతూనే గరిటను ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, మళ్లీ గుండిగలో పెట్టేయడం నేను చూశాను.

నాలుగో రోజో ఐదో రోజో, అందరూ వెళ్లాక గిన్నెలు కడగడానికి పెరట్లోకి వెళ్లాను. వదిన మందిరం నుంచి తెచ్చిన గుండిగ ముందు పీట మీద కూర్చుని, అడుగంటిన మాడును గోకి తింటోంది. నన్ను చూసి ఆపలేదు. నోట్లోది నమిలింది, చెప్పిన పద్ధతి ప్రకారం గుజ్జయ్యేదాకా నమిలింది. కన్నీళ్లు చెంపల మీద కారుతున్నాయి. “డాక్టరు ఎనక్కి పంపేస్తాడే. పంపేస్తే మీ అన్న రేత్తిళ్లు ఆ కొండ మీద నా ఊపిరి లెక్కెట్టుకుంటానే సచ్చిపోతాడు,” అంది. నేను ఆమె చేతిలోంచి గరిట తీసుకున్నాను. గట్టిగా పట్టుకోలేదు, ఇచ్చేసింది.

ఆ ఆదివారం, ఎవరి అనుభవం వారు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆమె కుర్చీలోంచి కష్టంగా లేచింది. “అందరూ నా కోసం కడుపు మాడ్చుకుంతన్నారు. మీ కాళ్లకి దండం. ప్రార్థనకి రండి. కానీ ఉపాసం మీ ఇళ్లల్లో ఇడవండి,” అంది. భద్రాచలం వైపు నుంచి వచ్చిన సంఘపెద్ద తట్టుకోలేకపోయాడు. “ఏంది అక్కయ్యా, మీ ఇంట్ల కూటికి వచ్చినమా మేము?” అన్నాడు. ఆయన భార్య ఆయన చొక్కా లాగింది. వదిన మళ్లీ కుర్చీలో కూర్చుంది. అనగలిగింది అంతే.

ఆ సాయంత్రం ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. మందిరంలోనే కూడుకుని, అరటిపళ్లతో ఉపవాసం విడుస్తున్నారని తెలిసింది. ప్రార్థన మానలేదు, ఆ మాట చెప్పాలి. ఇంటికి రావడం మానారు. వదిన పరిచిన చాపలు అలాగే ఉండేవి. గ్లాసులో పొడి కలుపుకుని గుమ్మం వైపు చూస్తూ తాగేది. “దీనికంటే ఆకలి నయమేనే,” అనేది. నేను సంఘపెద్ద ఇంటికి వెళ్లి చెప్పి చూశాను. ఆయన మంచివాడే. “కోపం లేదమ్మా. కానీ ఉత్త చేతులతో కూసోని ఏం మాట్లాడుతం చెప్పు?” అన్నాడు. అది నిజమే. తిండి పెట్టడం, తినడం మధ్యలో తప్ప మేం ఒకరితో ఒకరు ఎన్నడూ మాట్లాడుకోలేదు.

మూడో రోజు పెద్దమ్మ వచ్చింది. గోడకు చేరబడి కూర్చుంది. వదిన అలవాటుగా లేవబోతే “కూసో బిడ్డా, ఇంటికాడ జావ తాగొచ్చిన,” అంది. తన గోండీ భాషలో పొడుగాటి ప్రార్థన చేసింది. అందులో మాకు వదిన పేరొక్కటే తెలిసింది. తర్వాత చెప్పడానికి ఏమీ లేక చాలాసేపు ఊరికే కూర్చుంది, కూర్చునే కునుకు తీసింది. రెండు వారాలు అయిపోయేదాకా రోజూ వచ్చింది. ఆమె ఒక్కతే వచ్చింది.

ఆపరేషన్ జరిగింది. లివరు చిక్కిందని డాక్టరు అన్నాడట. కొన్ని నెలలకు వదిన ఊపిరి సర్దుకుంది. రొట్టె, ద్రాక్షరసం పంచే ఒక బల్లారాధన రోజున కుర్చీ పక్కకు జరిపి చాప మీద మోకరించింది. లేవడానికి చేయి ఇవ్వబోయిన అన్నయ్యను విదిలించుకుంది. సంఘమంతా దేవుణ్ణి స్తుతించింది, నేనూ ఏడ్చాను. ఆమెను చూడటానికి అందరూ ఇంటికొచ్చారు. వచ్చినవాళ్లు కాసేపు కూర్చుని, వంటింటి వైపు ఒకసారి చూసి, డ్యూటీ ఉందనో బస్సుందనో లేచిపోయారు. ఇప్పటికీ ఆ ఇంట్లో మాటలు పల్చగానే ఉంటాయి, ఈమధ్య కొంచెం చిక్కబడుతున్నాయి. ఆమె ఒళ్లు తగ్గడానికి కొన్ని నెలలే పట్టింది. మధ్యలో కంచం లేకుండా ఒకరి ఎదుట ఒకరు కూర్చోవడం నేర్చుకోవడానికి మాత్రం, దేవుడు ఆమెకు పొడిగించి ఇచ్చిన ఏళ్లన్నీ మాకు పడుతున్నాయి.