జిగురు మరక

బత్తలపల్లె దగ్గర బస్సు చెడిపోయింది. ఒళ్లో పాప జ్వరంతో కాలిపోతోంది. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. రోడ్డు మీద రెండు అద్దెకార్లు ఆగితే, వెనక కారు పేరు పక్కన ఎర్ర అక్షరం ఉన్నదే ఎక్కాను. ఎరుపంటే పెద్ద ఇంజనని అందరూ అనేవారు.

"అన్నా, ఆస్పత్రికి బిరీన పోనీ."

డ్రైవరు అద్దంలో పాపను చూశాడు.

"ఆ ఎర్రది నేను అంటించిందమ్మా. నాది సిన్న ఇంజనే. ఆ ముందుండే కారు ఉరుకుతాది, దాన్ని నిలపమంటావా?"

దిగే ఓపిక లేదు. "నువ్వే పోనీన్నా" అన్నాను.

కారులో చోటున్నా, దారిలో చెయ్యెత్తినవాళ్లెవరికీ అతను ఆపలేదు.

వారం తర్వాత, కోలుకున్న పాపతో ఇంటికెళ్తూ స్టాండులో ఆ కారు చూశాను. ఎర్ర అక్షరం లేదు. ఆ చోట జిగురు మరక ఉంది.