పెంచలయ్య బాబాయీ, ఆ కొండ దిగుడూ

నిన్న పొద్దున ఖోర్ ఫక్కాన్ నుంచి పెంచలయ్య బాబాయి కొడుకు ఫోన్ చేసి "అక్కా, నాన్న పోయాడు" అన్నాడు.

"ఊ" అన్నాను. అంతే. ఫోన్ పెట్టేశాను.

సాయంత్రానికి ఫ్యామిలీ గ్రూప్‌లో నా మీద తీర్పు వచ్చేసింది. ఒక్క మాట అనలేదట, చదువుకున్న పొగరట. రాయిలా కూర్చోడానికైతే రానే అక్కర్లేదట.

చిన్నప్పటి నుంచీ ఇదే వరస. భయమేస్తే నాకు గొంతు పడిపోతుంది. మా ఇంట్లో దాన్ని పొగరు అంటారు.

కాదని కనిపెట్టింది పెంచలయ్య బాబాయి ఒక్కడే.

ఎనభైల మొదట్లో సంగతి. బీఎస్సీ అయ్యాక నెల్లూరులో ఊపిరాడక, దుబాయ్‌లో నైఫ్ పేటలో ఉన్న మా నాన్న దగ్గరికి వచ్చేశాను. బాబాయిది కొండల అవతల ఖోర్ ఫక్కాన్ పోర్టులో పని. వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, బోటుని ట్రైలర్ మీద దుబాయ్ నుంచి అక్కడికి తీసుకుపోవాలి. బండి అమెరికన్ పికప్. ట్రైలర్‌కి కరెంటు బ్రేకులు. మనం పెడల్ తొక్కితే వెనక ట్రైలర్ చక్రాలు కూడా పట్టాలి. అందుకు డాష్ కింద కంట్రోలర్ డబ్బా బిగించాలి.

బాబాయి అప్పటిదాకా చేసినవన్నీ జపాన్ బళ్ళు. వాటికి బ్రేక్ లైటు వేరు, ఇండికేటర్ వేరు. అదే అలవాటున వెనక ఎడమ లైటు వైరు నుంచి కంట్రోలర్‌కి లైను లాగేశాడు. బండి కాస్త కదిలించి పెడల్ తొక్కితే ట్రైలర్ టక్కున పట్టింది.

"ఖలాస్. ఎక్కు పాపా, పిన్ని చేపల పులుసు చేసుంటది."

మసాఫీ ఊరు దాటాక కొండ దిగుడు. ముందు రాళ్ళ లారీ పాకుతోంది. అక్కడ ఎడమ వైపు నుంచే దాటాలి కాబట్టి బాబాయి ఎడమ ఇండికేటర్ వేశాడు.

వెనక నుంచి ఎవరో గుంజినట్టయింది.

వదిలింది. మళ్ళీ గుంజింది. అద్దంలో బోటు అటూ ఇటూ ఊగుతోంది. నా కిటికీలో కింద లోయ తప్ప ఇంకేం లేదు.

బాబాయి "నరసింహా, నరసింహా" అని అరుస్తున్నాడు.

నేను డాష్ మీద ఆకుపచ్చ బాణం చూస్తున్నాను. అది వెలిగితే గుంజుతోంది, ఆరితే వదులుతోంది. ఆ బండిలో బ్రేక్‌కీ ఇండికేటర్‌కీ వెనక ఒకటే బల్బు, ఒకటే వైరు; బాణం వెలిగినప్పుడల్లా ట్రైలర్ బ్రేకు పడుతోంది.

చెబుదామంటే నోరు పెగల్లేదు. బాబాయి మీదుగా చెయ్యి చాపి ఇండికేటర్ పుల్లని వెనక్కి కొట్టాను.

ఆగింది.

కిందికొచ్చాక బండి పక్కకి ఆపాడు. ఇద్దరం దిగలేకపోయాం.

"గమ్మునుండావే. బాగా దడుచుకున్నావా పాపా?"

తల ఊపాను.

మిగతా దారంతా ఇండికేటర్ జోలికి పోలేదు. మలుపొస్తే కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాడు.

ఇంట్లో పిన్ని "ఏందీ, మా ఇంటికొచ్చి మూతి ముడుచుకోనుండాది" అంది.

"దాన్ని కదిలించబాక. భయంలో ఉండాది. నేనూ ఉండా. కాకపోతే నేను వాగతా, అది వాగదు."

నా గురించి ఇంట్లో ఎవరైనా సరిగ్గా అన్న మాట అదొక్కటే.

నిన్నటి నుంచి మళ్ళీ కిటికీ పక్కన లోయే కనిపిస్తోంది. ఈసారి కొట్టడానికి పుల్ల లేదు.

పోయిరా బాబాయ్. నీ దారి ఇక చదునుగా ఉండాలి, నీ ప్రాణం నెమ్మదిగా ఉండాలి.

రేపు వస్తున్నాను. పిన్ని పక్కన కూర్చుంటాను. ఏమీ మాట్లాడను.