లోపం లేదని రాసిన రూటర్

2009 మార్చి. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఒక కేబుల్ ఇంటర్నెట్ కంపెనీకి ఫీల్డ్ టెక్నీషియన్‌గా పని చేస్తున్నాను. ఇళ్లకు వెళ్లి కనెక్షన్లు సరిచేయడం నా ఉద్యోగం. ఆ ఏడాది చాలామంది ఉద్యోగాలు పోయాయి. మా కస్టమర్ శ్రీనివాస్ ఉద్యోగం పోవడంలో మాత్రం నా సంతకం ఉంది.

అతను ఇంటి నుంచే ఒక క్లయింటుకి కాంట్రాక్టు మీద పని చేసేవాడు. అతని ఇంట్లో మా కంపెనీ ఇచ్చిన వైఫై రూటర్ పగటి పూట నాలుగైదుసార్లు దానంతటదే ఆగి, మళ్లీ మొదలయ్యేది. దీన్ని రీబూట్ అంటాం. అయిన ప్రతిసారీ అతను మీటింగ్‌లోంచి తెగిపోయేవాడు.

“మేనేజర్ నమ్మట్లేదంకుల్. లాగాఫ్ చేసి పడుకుంటున్నావా అంటున్నాడు. ఇంటర్నెట్ కంపెనీ రిపోర్ట్ తెస్తే చూస్తానన్నాడు. ఈ జాబ్ పోతే వీసా కూడా పోయినట్టే,” అన్నాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు లైన్‌లో సిగ్నల్ కొలిచాను. సరిగ్గానే ఉంది. అయినా రూటర్ మార్చాను. రెండు రోజులకు అదే ఫిర్యాదు.

రెండోసారి, ముందుగా ఫోన్ చేసి వెళ్లి, డైనింగ్ టేబుల్ దగ్గర గంటసేపు కూర్చున్నాను. అతని భార్య సునీత కాఫీ ఇచ్చి పక్క గదిలోకి వెళ్లింది. రూటర్ లైట్లు ఒక్కసారి కూడా ఆరలేదు. కానీ కూర్చోగానే అప్‌టైమ్ చూశాను. రూటర్ ఆగకుండా ఎంతసేపటి నుంచి నడుస్తోందో చెప్పే అంకె అది. పదకొండు నిమిషాలని చూపింది.

“ఎవరైనా ప్లగ్ పీకారా?”

“ఎవరు పీకుతారంకుల్? నేను బేస్‌మెంట్‌లో ఉంటా. తను కిచెన్‌లో ఉంటుంది.”

“మేనేజర్ కాల్ చేసినప్పుడే ఆగుతుందేమోనయ్యా,” అన్నాను నవ్వుతూ. అతనూ నవ్వాడు, కానీ నా ముఖం వైపు చూడలేదు.

మా ఫారంలో టెక్నీషియన్ ఉన్న గంటలో ఏం జరిగిందన్నదే అడుగుతారు. ‘నో ట్రబుల్ ఫౌండ్’ అని రాసి సంతకం చేశాను. లోపమేమీ కనబడలేదని దాని అర్థం. ఇంటికొచ్చి డైరీలో మాత్రం, “అప్‌టైమ్ 11 నిమిషాలు. నేను వెళ్లేముందే రీబూట్ అయింది. కారణం తెలియదు,” అని రాసుకున్నాను. ఆ మాట ఫారం అంచున రాయవచ్చు. ఎవరూ వద్దనలేదు. కారణం చెప్పలేని వాక్యం రాస్తే పని రానివాడిననుకుంటారని రాయలేదు.

పది రోజుల తర్వాత అదే వీధిలో పనిపడి, ఫోన్ చేయకుండానే వాళ్ల తలుపు తట్టాను. లోపల గరగరమని చప్పుడు. సునీత తలుపు తీసి, “అయ్యో అంకుల్, మీరా, ఉండండి ఆపేస్తాను,” అంటూ వంటింట్లోకి పరుగెత్తింది.

“ఆపకమ్మా. ఏమిటది?”

ఇండియా నుంచి తెచ్చుకున్న గ్రైండర్. ఇక్కడి 110 వోల్టులను 220 చేసే బరువైన ట్రాన్స్‌ఫార్మర్‌కు తగిలించి ఉంది. అదీ రూటరూ ఒకే గోడకు, ఒకే సర్క్యూట్ మీద ఉన్నాయి. ఒకసారి ఆపి మళ్లీ వేయమన్నాను. వేయగానే గ్రైండర్ ఒక్కసారిగా కరెంటు లాగి పైన బల్బు మసకబారింది, రూటర్ లైట్లన్నీ ఆరిపోయి ఒక్కొక్కటే వెలిగాయి. నీళ్లు పోయడానికి ఆపి మళ్లీ వేసిన ప్రతిసారీ ఇదే జరిగేది.

“మొన్న నేను వచ్చినప్పుడు ఎందుకు వేయలేదమ్మా?”

“పెద్దవాళ్లు వచ్చి పని చేసుకుంటుంటే ఆ గోల పెడతామా అంకుల్? మీ ఫోన్ రాగానే ఆపేసేదాన్ని.”

శ్రీనివాస్ మెట్లెక్కి వచ్చి మా వెనక నిలబడ్డాడు. పని వేళ అయినా మెడలో హెడ్‌సెట్ లేదు.

“సోమవారం తీసేశారంకుల్. మీ రిపోర్ట్ చూపించే తీసేశారు.”

అక్కడే కూర్చుని కొత్త రిపోర్టు రాశాను. మేనేజర్‌కు నేనే ఫోన్ చేసి చెప్పాను. అతను మర్యాదగా విని, ఆ స్థానంలో వేరేవాళ్లు చేరిపోయారన్నాడు. మే నెలలో వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. వెళ్లేముందు క్షమించమని అడిగితే, “పెద్దవారు, మిమ్మల్ని ఏమంటాం అంకుల్,” అన్నాడు. ఏదైనా అనుంటే బాగుండేది.

ఏ ఇంటికి వెళ్లినా, నేను వస్తున్నానని మీరు ఏం ఆపేశారని అడగాలి. నాకు తెలియనిది తెలియదని ఫారం మీదే రాయాలి. రిటైరయ్యేదాకా ఈ రెండూ తప్పకుండా చేశాను. వాటివల్ల బాగుపడ్డవాళ్లు వేరే ఎవరో.