మూడు పైచిలుకు

ఆ వీధిలోకొచ్చి రేకుల షెడ్డెక్కడని అడిగితే ఎవరూ చేయి చూపించరు. "చప్పుడు వెంబడి పోండి" అంటారు. అలా పోతే రెండు గదులంత షెడ్డు, గోడకు ఆనించిన రేకుల చుట్టలు, పెద్ద కత్తెరలు, కర్ర సుత్తులు కనిపిస్తాయి. వాటి మధ్య ముక్కాలిపీట మీద, కళ్ళజోడు నుదుటికి ఎక్కించుకుని ఒకావిడ కూర్చుని ఉంటుంది. వయసు యాభై ఎనిమిది. పొగగొట్టాలు, గరాటాలు, నూనె డబ్బాలు, నీళ్ళ డ్రమ్ములు, గుండ్రంగా ఉండేది ఏదైనా ఆవిడ చేతిలోంచి రావలసిందే. అందరూ ఆవిడను మేస్త్రి అనే పిలుస్తారు. పక్కగదిలో కుట్టుమిషను పెట్టుకున్న భర్త కూడా అలాగే పిలుస్తాడు. పెళ్ళయిన కొత్తలో వేళాకోళానికి మొదలెట్టాడు, ముప్ఫై ఏళ్ళలో అది ముద్దుపేరైపోయింది.

ఈ పని ఆవిడ కోరి పట్టింది కాదు. తండ్రి రేకుల పనివాడు. ఆవిడ ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన కుడిచేతి వేళ్ళు రెండు యంత్రంలో నలిగిపోయాయి. ఇక కత్తెర పట్టలేడు. ఇంట్లో చెల్లెలు మరీ చిన్నది. పుస్తకాల సంచీ మేకుకు తగిలించి ఈవిడ షెడ్డులోకి దిగింది.

మొదటి పని నీళ్ళ డ్రమ్ము. తండ్రి మంచం మీంచే చెప్పాడు. "రెండడుగుల వెడల్పు కావాలన్నారమ్మడూ. వెడల్పుకు మూడింతలు రేకు తీసుకుని..." అంటుండగా ఆయనకు దగ్గు తెర వచ్చింది. మిగతా మాట వినే ఓపిక ఆ పిల్లకు లేదు. ఒక్క పరుగున పోయి ఆరడుగులు కొలిచి కచకచా కత్తిరించేసింది. చెమటలు కక్కుతూ రేకు వంచి, అంచులు దగ్గరికి లాగింది. అవి కలవలేదు. నాలుగు వేళ్ళు దూరేంత సందు నోరు తెరుచుకుని చూస్తోంది. గుమ్మంలో నిలబడ్డ ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వు ఆపుకోలేకపోయారు.

తండ్రి మాత్రం నవ్వలేదు, కసరనూ లేదు. "మూడింతలు కాదే తల్లీ, మూడు పైచిలుకు. వెడల్పును ఏడు భాగాలు చేసుకో. మూడింతల మీద అందులో ఒక భాగం వేసుకో. అతుకు మడతకు మళ్ళీ వేరే" అన్నాడు. కత్తిరించిన రేకు పాడవలేదు, కాస్త సన్నపాటి డ్రమ్ముకు పనికొచ్చింది. ఇంకో రేకు తీసి చెప్పినట్టు చేస్తే అంచులు ఒకదాన్నొకటి వాటేసుకున్నాయి.

ఆ పైచిలుకుకు బడిలో వేరే పేరుందని ఆవిడకు చాలా ఏళ్ళ తర్వాత గాని తెలియలేదు. పైతరగతికి వచ్చిన చెల్లెలు లెక్కల పుస్తకం తెరిచి చూపించింది.

"దీన్ని పై అంటారక్కా."

"పై ఏంటే? చిలుకు ఏమైంది? సగమే అచ్చేశారా?"

చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. అక్క నవ్వలేదు. ఆవిడకు నిజంగానే పుస్తకంలో తప్పు పడిందనిపించింది.

టైలరు భర్తతో కూడా ఈ పై మీద రోజూ ఏదో ఒక తగువే. "నడుం చుట్టూ టేపు వేస్తే సరి, చుట్టుకొలత చేతికొస్తుంది. దీనికింత లెక్కెందుకు మేస్త్రీ?" అంటాడాయన.

"మీకేమండీ, మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. నేను కొలిచేటప్పటికి డ్రమ్మే పుట్టలేదు. పుట్టని బిడ్డకు చొక్కా కుట్టడం లాంటిది నా పని" అంటుందావిడ. ఆయన నవ్వి మళ్ళీ మిషను తొక్కుకుంటాడు. అలాగని మర్నాడు అడగడం మానడు.

అలా ఉండగా ఒక ఉదయం షెడ్డుకు ఒక పెద్దాయన వచ్చారు. లెక్కల మాస్టారు, ఉద్యోగం చేసి చేసి విరమించారు. పట్టణం చివర ఉన్న వృత్తి శిక్షణ పాఠశాల వాళ్ళు పనివాళ్ళ మాటలతో ఒక నిఘంటువు వేద్దామనుకుని, ఆ భారం ఆయన మీద పెట్టారు. చంకలో లావుపాటి నోటుపుస్తకం, జేబులో మూడు పెన్సిళ్ళు. వారం రోజులు వరసగా వచ్చారు. ఆవిడ కత్తిరిస్తూనే చెప్పింది, ఆయన రాసుకుంటూ పోయారు. అతుకు, అంచు మడత, గాటు, రేకు పొడిచే పోగర, ఇలా అరవై డెబ్భై మాటలయ్యాయి.

ఆఖరి రోజు మాస్టారు మొహమాటంగా అడిగారు. "అమ్మా, పై అనే మాటకు అర్థం నేనే రాయగలను. నలభై ఏళ్ళు చెప్పిన పాఠమే. కానీ మీరైతే ఏమంటారో వినాలనుంది."

ఆవిడ కత్తెర ఒళ్ళో పెట్టుకుంది. వంట ఎలా చెయ్యాలో చెప్పినట్టు నింపాదిగా చెప్పుకుపోయింది. ఆయన నవ్వుతూ, మధ్యమధ్య కళ్ళజోడు తుడుచుకుంటూ రాసుకున్నారు. ఇంటికి పోయి దాన్ని నిఘంటువు పద్ధతిలో ఇలా సర్దారు:

పై: నామవాచకం. 1. గుండ్రటి వస్తువు చుట్టుకొలత దాని వెడల్పుకు సరిగ్గా మూడింతలని నమ్మినవాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసే అంకె. 2. మూడు పైచిలుకు. ఆ చిలుకు ఎంతో చెప్తామన్నవాళ్ళు ఇంకా చెబుతూనే ఉన్నారు. 3. గంగాళానికీ గరిటెకూ ఒకే న్యాయం చెప్పేది, సిఫారసుకు లొంగనిది. చూడు: అతుకు, తిప్పలు.

నిఘంటువు సంఘం సమావేశానికి ఆవిడనూ పిలిచారు. పొడుగాటి బల్ల చుట్టూ ఏడుగురు కూర్చున్నారు. మాస్టారు ఈ అర్థం చదవగానే ఆరుగురు నవ్వారు. ఏడో మనిషి, రేకుల విభాగంలో పాఠాలు చెప్పే కుర్ర ఇన్‌స్ట్రక్టరు, నవ్వలేదు. అతను చెడ్డవాడు కాదు, పని మీద శ్రద్ధ ఉన్నవాడే.

"ఏమీ అనుకోకండమ్మా. వినడానికి బాగుంది. కానీ మా విద్యార్థి పరీక్షలో ఇది రాస్తే సున్నా వస్తుంది. నిఘంటువంటే ఖచ్చితంగా ఉండాలి కదా?"

"నిజమే బాబూ, మీ అర్థమూ వేయండి. నాదీ పక్కన ఉంటే వచ్చిన నష్టమేంటి?"

నష్టం లేదని మాస్టారన్నారు. ఉందని ఇద్దరన్నారు. చివరికి తర్వాత చూద్దామని మూసేశారు. తర్వాత చూద్దామంటే ఏమిటో ఆవిడకు తెలుసు. ఇంటికొచ్చి భర్తతో, "నా పై పైకి పోయిందండీ" అంది. నవ్వుతూనే అంది గాని ఆ పూట సుత్తి దెబ్బలు కాస్త గట్టిగానే పడ్డాయి.

నెల తిరిగింది. ఒక పొద్దున మాస్టారి దగ్గర్నుంచి ఫోను. శిక్షణ పాఠశాలలో కొత్త బాయిలరు పెట్టారట. దాని పొగగొట్టం రెండు ముక్కలు కలిసేచోట పైన ఒక తొడుగు ఎక్కించాలి. విద్యార్థులు మూడు తొడుగులు చేస్తే మూడూ ఎక్కనని మొండికేశాయట. భర్త స్కూటరు తీశాడు. ఆవిడ కొలబద్ద, సుద్దముక్క పట్టుకుని వెనక కూర్చుంది.

వర్క్‌షాపులో కుర్ర ఇన్‌స్ట్రక్టరు మొహం వాడిపోయి ఉంది. చుట్టూ విద్యార్థులు గుసగుసలు పోతున్నారు. ఆవిడ గొట్టం చుట్టూ ఒకసారి తిరిగి, తొడుగు అంచును వేళ్ళతో తడిమి చూసింది.

"గొట్టం బయటి వెడల్పే కొలిచారా బాబూ?"

"బయటిదేనండీ. మూడుసార్లు కొలిచాను."

"పై ఎంత వేశారు?"

"పది దశాంశ స్థానాల దాకా వేశాను."

"పది స్థానాలు వేసి, రేకు మందం వదిలేశారు. ఇదేమన్నా కాగితమా? మూడు మిల్లీమీటర్ల రేకు. వంచితే లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది. లోపల గొట్టానికి చోటుండాలంటే మీ కొలత మీద రేకు మందానికి మూడింతలు..." అని ఆగింది, అతని మొహంలోకి చూసి.

"పైచిలుకు" అన్నాడతను మెల్లగా.

"ఆ. అది కలపాలి. జారడానికి ఇంకో గోరంత వదలాలి."

అతనే కొలత రాశాడు, ఆవిడ గీత గీసింది, విద్యార్థులు కత్తిరించి యంత్రంలో చుట్టారు. నాలుగో తొడుగు అరచేతులతో తోస్తే బుద్ధిగా గొట్టం మీదికి జారి కూర్చుంది. గుసగుసలు పోయినవాళ్ళే చప్పట్లు కొట్టారు. ఇన్‌స్ట్రక్టరు వాళ్ళ ముందే, "నేను చెప్పింది లెక్క. ఈవిడ చెప్పింది రేకు. రెండూ రాసుకోండి" అన్నాడు. ఆ మాటకు ఆవిడకు అతని మీద చాలా గౌరవం కలిగింది. ఓడిపోయానని పదిమందిలో ఒప్పుకోవడం తేలిక కాదు.

ఆ తర్వాతి సమావేశంలో ఆ అర్థం ఉండి తీరాలని పట్టుబట్టింది అతనేనట. మాస్టారు ఆ కబురు మోసుకుని షెడ్డుకు వచ్చారు.

"పక్కన ఎవరి మాట అని వేయమంటారమ్మా? మేస్త్రి అని వేస్తే మగవాడనుకుంటారేమో. మేస్త్రమ్మ అందామా?"

"అక్కర్లేదు మాస్టారూ. మేస్త్రిలో స్త్రీ ఎలాగూ ఉంది. దీర్ఘమొక్కటే మింగేశారు."

పక్కగదిలో కుట్టుమిషను టక్కున ఆగి, ఆయన నవ్వు వినిపించింది.

నిఘంటువు అచ్చయి వచ్చింది. నూట పన్నెండో పేజీలో ముందు లెక్కల అర్థం, దాని కింద ఆవిడ అర్థం, చివర 'రేకుల మేస్త్రి మాట' అని ఉంది. చెల్లెలు ఇప్పుడు పక్క పట్టణంలో నర్సు. ఆ పేజీ ఫొటో తీసి ఆసుపత్రిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చూపించి, "మా అక్క!" అంటోందట. భర్త తన దగ్గరికొచ్చిన ప్రతి మనిషికీ చొక్కా కొలతలు తీసుకునే ముందు ఆ అర్థం చదివి వినిపిస్తున్నాడు. "చొక్కాకూ దానికీ ఏంటండీ సంబంధం?" అంటే, "ఏమీ లేదు. మా ఆవిడ రాసింది" అంటాడు. "చాల్లెండి" అని ఆవిడ కసురుతుంది గాని, చదవడం పూర్తయ్యేదాకా సుత్తి ఎత్తదు.

కొత్త బడి సంవత్సరం మొదలవగానే పాఠశాల నుంచి ఉత్తరం వచ్చింది. వారానికి ఒక ఉదయం వచ్చి రేకు మీద గీతలు గీయడం నేర్పాలని రాశారు. ఆవిడ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివించుకుంది, మూడోసారి తనే చదువుకుంది.

మొదటి రోజు క్లాసు గుమ్మంలో అడుగుపెట్టగానే నలభై కుర్చీలు ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టున్నారని ఆవిడ పక్కకు తప్పుకుని వెనక్కి చూసింది. వెనక ఎవరూ లేరు.

"కూర్చోండమ్మా, కూర్చోండి" అంది. గొంతు సవరించుకుని, వీపు నిటారుగా పెట్టి, బోర్డు దగ్గరికి నడిచింది.