మాట వినిపించే కెమెరా

జాకరగుడ రత్నాలుకి ఫొటోలు తీసేవాళ్లంటే ఒళ్లు మంట. ఊరికే వచ్చిన మంట కాదు, దాని వెనక ఒక క్యాలెండరు కథ ఉంది.

తొంభై ఒకటిలో ఆమెకి పదహారేళ్లు. కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగుతుంటే, మెడలో ఇంత పెద్ద కెమెరా వేలాడేసుకుని పట్నం ఆయన ఒకడు ఎదురొచ్చాడు. అటు తిరుగు, ఇటు తిరుగు, కాస్త నవ్వు అన్నాడు. మోపు బరువుకి మెడ విరిగిపోతుంటే పైగా నవ్వొకటి. రత్నాలు ఒక చెయ్యి పైకెత్తి, "తియ్యొద్దు, పో" అని గట్టిగా కసిరింది. సరిగ్గా అప్పుడే ఆయన మీట నొక్కాడు. ఫొటో పంపిస్తానని ఊరి పేరు కూడా రాసుకున్నాడు. పంపితే ఒట్టు.

నాలుగేళ్ల తర్వాత అరకులో ఒక హోటలుకి అల్లం పట్టుకెళితే గల్లాపెట్టె వెనక గోడమీద క్యాలెండర్లో తనే ఉంది. అదే మోపు, ఎత్తిన చెయ్యి, తెరిచిన నోరు. అప్పటికి వయోజన విద్య బడిలో అక్షరాలు కూడబలుక్కోవడం నేర్చింది కాబట్టి, బొమ్మ కింద రాసింది నిలబడి చదివింది. 'అరకులోయ మీకు స్వాగతం పలుకుతోంది.' పొమ్మన్న చేతిని రమ్మన్న చెయ్యి చేసి అచ్చేశారు.

"బాబూ, నేనన్నది అది కాదు" అంది హోటలాయనతో.

"నిన్నెవరడిగారే" అని ఆయన నవ్వాడు.

అల్లం బుట్ట తిరిగి నెత్తినెత్తుకుని వచ్చేసింది. ఆ హోటలు గుమ్మం మళ్లీ తొక్కలేదు. ఫొటోకి నోరు లేదు కదా, కింద ఎవడు ఏం రాస్తే అదే చెల్లుబాటవుతుందని ఆ రోజు ఆమె బుర్రకెక్కింది. ఎక్కింది ఇక దిగలేదు.

తర్వాత పెళ్లయింది. మొగుడు సోంబరు నెమ్మదస్తుడు, మాట తక్కువ. ఇద్దరూ కలిసి జాకరకొండ వాలులో సిల్వరోకు చెట్ల నీడన కాఫీ మొక్కలు పెట్టారు, చెట్లకి మిరియాల తీగలు పాకించారు. ఊరు ఊరంతా ఆ వాలు మీదే బతుకుతోంది. తాగే ఊట కూడా అక్కడిదే.

రెండువేల ఐదు చివర్లో ఆ కొండ మీద నల్లరాయి క్వారీ పెడతామని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఊరు ఒప్పుకుంటే తప్ప కుదరదు గనుక గ్రామసభ పెట్టారు. ఊరు ఒప్పుకోలేదు. అయితే ఒప్పుకోనని చెప్పడంలోనే వాళ్ల కొంప మునిగింది. జాకరగుడలో పెద్ద మాట ఏదైనా సరే, కొండవైపు తిరిగి, కుడిచెయ్యి ఎత్తి, తాతముత్తాతల పేర్లు తలుచుకుని, కొండదేవత జాకరమ్మ సాక్షిగా అనాలి. చెయ్యి ఎత్తకుండా అన్నదాన్ని మాట కింద ఎవరూ లెక్కపెట్టరు. పద్ధతి తప్పకుండా అందరూ చేతులెత్తి, కొండ ఇచ్చేది లేదన్నారు. కాంట్రాక్టరు తెచ్చిన ఫొటోగ్రాఫరు వాళ్లని చక్కగా ఫొటో తీశాడు. నెల తిరక్కుండా ఆ ఫొటో ఫైల్లోకి ఎక్కింది. దాని కింద, 'గ్రామస్థులు చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించారు.'

ఊరివాళ్లు పెద్దాఫీసుకి పోయి లబోదిబోమంటే, సభ మళ్లీ పెడతామన్నారు. ఆ సాయంత్రం ఊరు కూడింది. ఊరిపెద్ద భీముడు డెబ్బయ్యేళ్లవాడు. బాగా ఆలోచించి, ఈసారి ఎవరూ చేతులెత్తొద్దన్నాడు. రత్నాలుకి కోపం నషాళానికంటింది.

"తాతా, మన సెయ్యి మనమెందుకు దించాల? ఆళ్లు అబద్దం రాత్తే మనం అమ్మోరికి సెప్పుకునే రీతి మార్సుకుంటామా?"

"మరేటి సేద్దామే గుంటా? బొమ్మలో మాట ఇనబడదు కదా."

"ఇనబడే బొమ్మ ఉంది తాతా. టైడాలో సూసాను."

నిజంగానే చూసింది. అంతకు ముందు వారమే టైడా స్టేషన్లో జామకాయలు అమ్ముతుంటే, రైలు దిగిన ఒక పట్నం పిల్ల అరచేతిలో పట్టేంత కెమెరాతో ఆమెని తీసి, వెనక ఉన్న బుల్లి అద్దంలో చూపించింది. అందులో రత్నాలు కదులుతోంది. "జాంకాయలమ్మా" అని తన గొంతుతోనే అరుస్తోంది. రత్నాలు ఆ పిల్ల చేత మూడుసార్లు వేయించుకుని చూసి, ఉత్తినే నాలుగు జామకాయలిచ్చింది.

మర్నాడే సోంబరుని వెంటబెట్టుకుని, ఆ ఏటి కాఫీ డబ్బు కొంగున ముడేసుకుని, అరకులో గణపతిరావు స్టూడియో మెట్లెక్కింది. గణపతిరావుది శృంగవరపుకోట. ఫొటోలు తీస్తాడు, కెమెరాలూ అమ్ముతాడు.

"ఏటమ్మా, పాస్‌పోర్టు ఫొటోలా?"

"కాదు బాబూ. కెమెరా కావాల. ఫొటో తియ్యాల, మాటతోటి వీడియో కూడా తియ్యాల. రొంటిలో పట్టాల."

"వీడియో అయితే పెళ్లిళ్లకి తీసే పెద్దది అద్దెకిత్తాను. తియ్యడానికి మనిషిని కూడా పంపుతాను."

"మీ మనిషి ఏ పక్కన నిలబడి తీత్తాడో నాకు తెల్దు. నాకు నా కెమెరా కావాల."

రెండూ ఎందుకని అడిగాడు గణపతిరావు. ఫొటో అంటించని అర్జీని ఆఫీసులో ఎవరూ ముట్టుకోరు, ఆ ఫొటోకి కాపలాగా వీడియో ఉండాలి అంది. ఆయన బుర్ర గోక్కుని, వెండిరంగులో తళతళలాడే పల్చటి కెమెరా ఒకటి బయటికి తీశాడు. ఏడు మెగాపిక్సెళ్లట, ఫొటో సినిమా పోస్టరంత చేసినా చెదరదట. రత్నాలు దానికేం మురిసిపోలేదు. వీడియో పెట్టమంది. అరనిమిషం కాగానే అది దానంతటదే ఆగిపోయింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా. ఎక్కువ తియ్యదు."

"మా తాతల పేర్లు తలుసుకోడానికే అరనిమిషం సాలదు. ఇంకోటి సూపించండి."

ఇంకోటి బాగానే ఉందిగాని దానికి ఛార్జింగు పెట్టాలి. జాకరగుడకి కరెంటొచ్చి ఏడాదయింది, మొన్న తుఫానుకి పోయి రెండు నెలలయింది, తీగ ఇంకా నేలమీదే పడుంది. రత్నాలు చెయ్యి అడ్డంగా ఊపింది. చివరికి గణపతిరావు అద్దాల బీరువా అడుగునుంచి దుమ్ము కొట్టుకుపోయిన నల్లటి కెమెరా తీశాడు. లావుగా సబ్బుపెట్టెలా ఉంది. పెన్సిల్ సెల్స్‌తో నడుస్తుంది. కార్డు నిండేదాకా వీడియో తీస్తుంది.

"దీన్ని ఎవరూ కొనలేదమ్మా. నాలుగు మెగాపిక్సెళ్లే. ఫొటో అంత అందంగా రాదు."

"అందంగా తీసినోడు ఏటి సేసాడో గోడమీద సూసినాను. పెన్సిల్ సెల్స్ మా సంతలోనే దొరుకుతాయి. మాట ఎంత దూరం ఇనబడతాదో సెప్పండి."

అది గణపతిరావుకీ తెలియదు. రత్నాలు సోంబరుని రోడ్డు దాటించి, అక్కణ్నుంచి ఏదైనా చెప్పమంది. పాపం, నలుగురూ చూస్తుంటే సోంబరుకి సిగ్గేసింది. "ఏటి సెప్పమంటావే" అన్నాడు. వెనక్కి వేసి చూస్తే అది జీపుల రొదలో కలిసిపోయింది. పది అడుగుల దూరానికి రప్పించి మళ్లీ అనిపించింది. ఈసారి ప్రతి ముక్కా వినబడింది. అయితే సభలో ఓ పక్కన నిలబడితే లాభం లేదు, మనుషుల నడుమ దూరాలి. లావైతేనేం, రొంటిలో పడుతోంది. అదే తీసుకుంది.

ఫిబ్రవరిలో పొద్దున్నే సభ. మంచు ఇంకా విడలేదు. కుర్చీల్లో ఆఫీసరు, కాంట్రాక్టరు, పక్కనే పాత ఫొటోగ్రాఫరు. ఎదురుగా ఊరంతా నిలబడింది, నడుమ రత్నాలు. భీముడు కొండవైపు తిరిగి చెయ్యెత్తాడు. ఊరంతా ఎత్తింది. అవతల ఫ్లాషు వెలిగింది. ఇవతల రత్నాలు ముందు ఒక ఫొటో తీసి, వెంటనే వీడియో మొదలుపెట్టింది.

"ఏయ్, ఆ కెమెరా ఆపు. నీకు పర్మిషన్ ఎవరిచ్చారు?" అన్నాడు ఆఫీసరు.

"ఆ బాబుకి ఎవరిచ్చారో ఆళ్లనే నాకూ ఇమ్మనండి" అంది, కెమెరా దించకుండానే.

ఆఫీసరు ఫొటోగ్రాఫరు వైపు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. భీముడు తాతల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటున్నాడు. జాకరమ్మకి అర్థమయ్యేలా ముందు తమ భాషలో, ఆఫీసరుకి అర్థమయ్యేలా తర్వాత తెలుగులో అనాలని ముందే అనుకున్నారు. తమ భాషలో అనడం అయింది. తెలుగు మాట ఇంకా రానేలేదు, కెమెరా అద్దం నల్లబడిపోయింది. చలికి సెల్స్ నీరసించాయి. ఇప్పుడు చేతులు దిగితే మిగిలేది మళ్లీ ఆ ఉత్త ఫొటోయే.

"సేతులు దించకండి" అని అరిచింది. "తాతా, ఆగు."

టార్చి సెల్స్ నీరసిస్తే పొయ్యి దగ్గర వెచ్చబెట్టడం కొండమీద అందరికీ తెలుసు. అందుకే ఇంకో జత పొద్దున్నుంచీ రొంటిలోనే ఒంటి వేడికి ఉంచింది. గబగబా పాతవి పీకి ఆ వెచ్చటివి వేసింది. ఆఫీసరు సభ అయిపోయిందంటూ లేచాడు. ఎవరూ కదల్లేదు. ముసలి భీముడి చెయ్యి వాలిపోతోంది, ఎడం చేత్తో దాన్ని పట్టుకుని మరీ నిలబెట్టాడు. అద్దం వెలిగింది. రత్నాలు తలూపింది.

"జాకరమ్మ సాచ్చిగా, కొండ ఇయ్యం. ఇయేల ఇయ్యం, రేపూ ఇయ్యం" అన్నాడు భీముడు. ఊరంతా ఆ మాటే అంది.

నెల తర్వాత విచారణ. పెద్దాఫీసరు ముందు కాంట్రాక్టరు కొత్త ఫొటో పెట్టాడు. కింద మళ్లీ అదే, 'చేతులెత్తి ఏకగ్రీవంగా ఆమోదించారు.' రత్నాలు బల్లమీద నల్ల కెమెరా పెట్టి మీట నొక్కింది. పెద్దాఫీసరు వంగి, అదే చేతులు చూశాడు, భీముడి మాట విన్నాడు. మళ్లీ వేయమన్నాడు. కాంట్రాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"ఈ అనుమతి చెల్లదు" అన్నాడు పెద్దాఫీసరు చివరికి. "ఆ కార్డు ఇక్కడ ఇచ్చి వెళ్లమ్మా."

"కాపీ తీసుకోండి బాబూ. కార్డు నాతోటే కొండెక్కుద్ది."

ఆయన సరేనన్నాడు. పని అయిపోయిందని సోంబరు లేచాడు. రత్నాలు లేవలేదు. హోటలు గోడమీద ఆ రాత చదివిన నాటినుంచీ లోపల ఉన్నది ఒకటి మిగిలే ఉంది.

"ఆ ఫొటో కింద రాసింది కొట్టెయ్యండి బాబూ. మేమన్నది రాయండి."

పెద్దాఫీసరు పెన్ను తీసి, ఆ లైను కొట్టేశాడు. పక్కన ఏదో రాసి సంతకం పెట్టాడు. కాగితం ఇటు తిప్పితే రత్నాలు కూడబలుక్కుని చదివింది. చదవడం వచ్చినా సరే, కెమెరా ఎత్తి ఆయన ముఖానికి పది అడుగుల లోపల పట్టుకుంది.

"ఓపాలి పైకి సదవండి బాబూ."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "గ్రామస్థులు చేతులెత్తి, కొండ ఇవ్వబోమని చెప్పారు."

రత్నాలు వెనక్కి వేసి, ఆయన మాట ఆయనకే వినిపించింది. సరిగ్గానే పడింది. అప్పుడు కెమెరా రొంటిలో దోపుకుని లేచింది.