ఆంజనేయులు సారు ముక్కు పాఠం

మా బడిలో తెలుగు చెప్పే ఆంజనేయులు సారుతో నాకు మొదటి నుంచీ ఒకటే తగువు. పదో తరగతికి ఆయన పీరియడు అయ్యాక నా లెక్కల పీరియడు. గంట కొట్టినా ఆయన బయటికి రాడు. నేను సుద్దముక్కలు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటాను. లోపల నలభై మంది పిల్లలు కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటారు. ఆయన వాళ్ళ మధ్య తిరుగుతూ, "ఏం వినపడతాంది? చెప్పండబ్బా, ఏం వినపడతాంది?" అని అడుగుతుంటాడు.

"ఝాన్సీ మేడం గాజుల చప్పుడు సార్" అని వెనక బెంచీ నుంచి ఎవడో అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. నాకు ఒళ్ళు మండుతుంది.

సారుకు యాభై ఆరేళ్ళు. అమరాపురం పక్క పల్లె ఆయనది. ఇంట్లో మాట్లాడేది కన్నడం, తెలుగు బడిలో నేర్చుకున్నది. ఇప్పుడు హిందూపురంలో కాపురం. నేనూ అక్కడి నుంచే వస్తాను. రొద్దం దాటాక ఉన్న మా బడికి ఇద్దరం ఒకే బస్సులో, చాలాసార్లు నిలబడే వస్తాం. దారి పొడుగునా ఆయన చెప్పేది ఒకటే. పిల్లలు పుస్తకం చదువుతారు గానీ అందులో ఉన్నదాన్ని చూడరట, వినరట, ముట్టుకోరట. వర్ణన అంటే పెద్ద పెద్ద మాటలనుకుంటారట. అంతకు ముందు ధర్మవరంలో పనిచేసినప్పుడు మగ్గాల ఇళ్ళ పిల్లలు కళ్ళు మూసుకుని పోగు పట్టుకుని, అది తడి ఆరిందో లేదో చెప్పేవారట. "ఆ వేళ్ళకు తెలిసింది కాగితం మీదికి ఎందుకు రాదు మేడం?" అంటాడు. నాకేం తెలుసు? నేను లెక్కల దాన్ని.

ఆయన పద్ధతి ఏమిటంటే, పాఠంలో ఒక పేరా ఇచ్చి, ఏ మాట కంటికి, ఏది చెవికి, ఏది ముక్కుకు తగిలిందో పెన్సిలుతో గీత గీయమంటాడు. పిల్లలు 'అందమైన' అన్న మాట కింద గీత గీసి కన్ను అని రాస్తారు. ఆయనకు అక్కడ కోపం వస్తుంది. "అందమైన అంటే ఏ రంగబ్బా? ఎంత పొడుగు? కన్ను ఏం చూసింది ఆడ? ఏమీ చూడలేదు. ఎవరో అందమని చెప్పినారు, మీరు నమ్మినారు!" ఆ సంవత్సరం పదో తరగతిలో 'అందమైన', 'మధురమైన', 'కమ్మని' అన్న మూడు మాటలూ ఆయన బందు పెట్టించాడు. పరీక్షల్లో మార్కులు పోతాయని నేను దెబ్బలాడాను. వినలేదు.

జరిగింది పోయిన డిసెంబరులో. తుపాను ముసురు నాలుగు రోజులు వదలకుండా పట్టింది. ఆ మంగళవారం ఆయన పిల్లల్ని, పొద్దున లేచినప్పటి నుంచి ముక్కుకు తగిలిన వాటి మీద ఐదు వాక్యాలు రాయమన్నాడు. నేను గుమ్మంలోకి వచ్చేసరికి కాగితాలు ఒక్కొక్కటీ తీసి చూస్తున్నాడు. సగం కాగితాల్లో మల్లెపూలు, మిగతా సగంలో అగరుబత్తీలు. "డిసెంబరులో మల్లెలు యాడివమ్మా?" అని తల పట్టుకున్నాడు. తర్వాత అమృత కాగితం తీశాడు.

అమృత ఆ ఊరి రైతు కుటుంబం పిల్ల. నెమ్మదైన పిల్ల, అబద్ధం చెప్పడం చేతకాదు. ఆమె పక్కన కూర్చునేది వనిత. వనిత వాళ్ళకు గొర్రెల మంద ఉంది. పొద్దున్నే గొర్రె పిల్లలకు ఆకు వేసి, పెంట ఎత్తి, యూనిఫాం వేసుకుని పరుగున వస్తుంది. లెక్కల్లో నా క్లాసులో ఆ పిల్లే మొదటిది.

సారు గట్టిగా చదివాడు. "వనిత వచ్చి నా పక్కన కూర్చోగానే వానకు తడిసిన గొర్రె బొచ్చు వాసన వచ్చింది."

చదివి ఆగాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదబ్బా! వాక్యం అంటే ఇదీ!" అని మళ్ళీ చదివాడు. "తడిసిన అన్న మాట చూడండి. ఎండిన బొచ్చు వాసన వేరు, తడిసిన బొచ్చు వాసన వేరు. ఈ పిల్ల ముక్కు పనిచేసింది!"

క్లాసు గొల్లుమంది. ఎవరో 'మే' అని అరిచారు. ఆయన వాక్యం చూస్తున్నాడే గానీ అందులో ఒక పిల్ల పేరు ఉందని, ఆ పిల్ల రెండో బెంచీలోనే కూర్చుని ఉందని ఆయనకు తట్టలేదు. నేను మాత్రం ఏం తక్కువ? నాకూ నవ్వొచ్చింది. పైగా, "సార్, నా పీరియడు పది నిమిషాలు పోయింది" అన్నాను. ఆయన కాగితాలు మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను మూడు లెక్కలు చేయించాను. వనిత ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

బుధవారం వనిత రాలేదు. గురువారం కూడా రాలేదు. ఆ మధ్యాహ్నం అమృత స్టాఫ్ రూం తలుపు దగ్గర నిలబడి ఏడ్చింది. "నేను ఐదు వాక్యాలు రాసినా మేడం. సారు ఒకటే చదివినాడు. వనిత నాతో మాట్లాడల్యా. సోమవారం మందతో పోతాందంట."

సారు సంచిలోంచి ఆ కాగితం తీశాడు. మిగతా నాలుగు వాక్యాలు ఇద్దరం కలిసి చదివాం. "మొదట్లో నేను జరిగి కూర్చునేదాన్ని. ఇప్పుడు ఆ వాసన వస్తే తల తిప్పకుండానే వనిత వచ్చిందని తెలుస్తుంది. ఆమె రాని రోజు మా బెంచీకి ఏ వాసనా ఉండదు. ఆ రోజు నాకు బడిలో పొద్దు పోదు."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "తల కొట్టేసినట్టయింది మేడం" అన్నాడు. ఆయన్ని నేనేమని ఓదార్చను? గంట కొట్టిందని తొందర పెట్టింది నేనే కదా.

మేత కోసం మంద కాలవ పారే ఊళ్ళ వైపు కదిలితే మళ్ళీ ఆరు నెలలకు గానీ తిరిగి రాదు. దానితో పాటు పోతే వనిత పదో తరగతి పరీక్షలు పోయినట్టే. ఒకసారి ఆగిన ఆడపిల్ల చదువు మళ్ళీ మొదలవడం నా ఉద్యోగంలో నేను రెండుసార్లే చూశాను. ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్ళ మంద దగ్గరికి నడిచి వెళ్ళాం.

వేరుశెనగ పీకేసిన చేలో ఎరువు కోసం రైతు ఆ మందను నిలుపుకున్నాడు. మూడు వందల గొర్రెలుంటాయి. నేల అంతా బురద, పెంట. వనిత నాయన లింగప్ప ఊళ్ళోకి పోయాడట. అవ్వ గంగక్క మాకు ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమప్పా సారూ, మా పిల్ల కాడ వాసన వస్తాదని బళ్ళో చదివి వినిపిస్తివంట గదా. యాడ నేర్చుకున్న్యావప్పా ఈ చదువు?"

"తప్పు నాదేనమ్మా" అన్నాడు సారు. "పిల్లను బడి మాన్పించొద్దు. నన్ను ఎంత తిట్టినా పడతా."

"మేం మాన్పించలేదప్పా. నా కాడ ఉండి చదువుకోమనే వాళ్ళ నాయన అంటాండాడు. మందతో పోయి కూడొండి పెడతానని అదే మొండికేసింది."

వనిత కాస్త దూరంలో, తడికెల పక్కన గొంతుకూర్చుని ఏదో పని చేసుకుంటోంది. మమ్మల్ని చూసి కూడా లేవలేదు. దగ్గరికి వెళ్ళాక చూశాను. ఆమె ఒక గొర్రె పిల్ల వీపు మీద ఇంకొక పిల్ల తోలు కప్పి, దారంతో పొట్ట కింద ముడి వేస్తోంది.

"ఇదేందమ్మా?" అన్నాడు సారు, వచ్చిన పని మరిచిపోయి.

వనిత ముడి బిగించింది. తర్వాత తల ఎత్తకుండా చెప్పింది. "ఆ గొర్రెకు పుట్టిన పిల్ల పొద్దున చచ్చిపోయింది. దీనికేమో తల్లి లేదు. చచ్చినదాని తోలు కప్పితేనే ఆ తల్లి దీనికి పాలిస్తాది."

"అది చూసి గుర్తుపట్టదా?"

"అది కండ్లతో చూడదు సార్. మూతి తోక కాడ పెట్టి చూస్తాది. దాని పిల్ల వాసన వచ్చిందంటే చాలు. మూడు దినాలు పోతే దీని వాసన గూడా అలవాటైతాది. అప్పుడు తోలు తీసేస్తాం."

పిల్లను తీసుకెళ్ళి తల్లి వెనక వదిలింది. తల్లి తిరిగి మూతి పెట్టి చూసింది, ఇంకోసారి చూసింది. తర్వాత కదలకుండా నిలబడింది. పిల్ల పొదుగులో తల పెట్టి కుమ్ముతూ తాగసాగింది. సారు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ ఏదోలా అయింది, ఎందుకు దాచాలి?

ఆయన జేబులోంచి అమృత కాగితం తీశాడు. "ఈ పిల్ల రాసింది నేను సగమే చదివినా వనితా. మిగతాది విను."

వనిత అప్పుడు లేచి నిలబడింది. "ఈడ నాకు చదివితే ఏం లాభం సార్? నవ్వినోళ్ళు ఆడ ఉండారు."

నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.

"సరే. రేపు రా. ఆడనే చదువుతా" అన్నాడు సారు.

"మీరు చదవండి. వచ్చేదీ రానిదీ నేను చూసుకుంటా."

తిరిగి బయలుదేరేటప్పుడు గంగక్క రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన తాగి, గ్లాసు కడిగి ఇచ్చాడు.

శుక్రవారం వనిత రాలేదు. ఆమె లేకపోయినా సారు చదివాడు. చదివే ముందు, "మొన్న నేను ఒక పిల్లను మీ అందరి ముందర నవ్వులపాలు చేసినా. తప్పు నాది, ఈ కాగితం రాసిన పిల్లది కాదు" అన్నాడు. ఐదు వాక్యాలూ చదివాడు. 'మే' అన్నవాడు తల వంచుకున్నాడు. నేనూ నవ్వానని ఒప్పుకోవాలని గుమ్మంలోనే నిలబడ్డాను గానీ నాకు ఆ ధైర్యం లేకపోయింది.

తర్వాత ఆయన ఇంకో పని చేశాడు. "ఇప్పుడు నా గురించి రాసుకుని రండి. నా కాడ ఏ వాసన వస్తాదో, మీరు నన్ను ఏం చూసినారో, ఏం విన్నారో. ఏం రాసినా చివరి అక్షరం దాకా మీ ముందరే చదువుతా."

పిల్లలకు అంతకంటే కావలసిందేముంది? శనివారం ముప్పై తొమ్మిది కాగితాలు వచ్చాయి. బస్సులో నిలబడి వచ్చిన చెమట, తలనొప్పి తైలం, జేబులో కారిన పెన్ను సిరా, మధ్యాహ్నం తిన్న పచ్చి ఉల్లిగడ్డ, వక్కపొడి. సారు గొణిగినప్పుడు కన్నడం వినపడుతుందని ఒకరు రాశారు. సారు కోపంగా వంగితే భయం కంటే ముందు వక్కపొడి వాసన వస్తుందని ఇంకొకరు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి, చొక్కా తడిసిపోయింది, అయినా ఒక్క మాట మింగకుండా చదివాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనైతే ఆ పని చస్తే చేయలేను. మల్లెపూలు మాత్రం ఎవరూ రాయలేదు.

సోమవారం రొద్దం దగ్గర మా బస్సు ఆగిపోయింది. దారి నిండా గొర్రెలు. లింగప్ప మంద కదిలిపోతోంది. సారు కిటికీలోంచి తల బయటపెట్టి వెతికాడు. వెనకగా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తల మీద మూటలతో, ముఖాల చుట్టూ గుడ్డ కట్టుకుని నడుస్తున్నారు. ఎవరు ఎవరో తెలియలేదు. మంద దాటిపోయింది. ఆయన సీట్లో వెనక్కి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

పదో తరగతికి క్లాస్ టీచరుని నేనే. హాజరు వేయడానికి నేనూ, మొదటి పీరియడు కోసం ఆయనా కలిసే లోపలికి వెళ్ళాం. నేను పేర్లు పిలవడం మొదలుపెట్టేలోగా వనిత గుమ్మంలోకి వచ్చింది. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"హోంవర్కు సార్. అమృత మంద కాడికి వచ్చి చెప్పింది."

సారు కాగితం అందుకున్నాడు. "కూర్చోమ్మా" అన్నాడు.

"మీరు చదవండి సార్. తర్వాత కూర్చుంటా."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చదివాడు. "తెలుగు సారు మా మంద దగ్గరికి వస్తూనే జేబులోంచి చేతిరుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు."

అక్కడ ఆగిపోయాడు. ఆ రోజు నేను ఆయన పక్కనే ఉన్నాను, నేను చూడనే లేదు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. క్లాసులో ఎవరూ నవ్వలేదు. అమృత రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన కాగితం మడవబోయాడు.

"ఆపొద్దు సార్" అంది వనిత. "ఇంకా ఉండాది."

సారు మిగతాది చదివాడు. "మా అవ్వ అది చూసింది. అవ్వ చూసిందని సారు కూడా చూశారు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. బురదలో మా పక్కన నిలబడ్డారు. వెళ్ళిపోయేదాకా మళ్ళీ బయటికి తీయలేదు. అందుకే అవ్వ ఆయనకు మజ్జిగ ఇచ్చింది. అందుకే నేను మందతో పోలేదు."

వనిత వెళ్ళి అమృత పక్కన కూర్చుంది. అమృత జరగలేదు. నేను హాజరు పట్టీ తెరిచాను.